తిందా, వేసిందా?

(మార్చి నెలలో ఓ ఆదివారం ఉదయం రావులపాలెంలో కుందేళ్ళు పెంచుకునేవాళ్ళు కలుసుకున్నప్పుడు, పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారమండి. ముందు ఓ చిన్న మనవి. బుట్టలూ పెట్టెలూ తెచ్చినవాళ్ళు వాటిని ఆ గోడవారకి నీడలో పెట్టండి. జనం తిరిగే దారిలో వద్దు. పైన పల్చటి గుడ్డ ఏదైనా కప్పండి, గాలి ఆడేలా. కొత్త చోటు, కొత్త వాసనలు, ఇన్ని గొంతులు. ఊరికే కూర్చున్నప్పుడే కుందేలు గుండె నిమిషానికి 200 సార్లు కొట్టుకుంటుంది, ఇంక బెదిరితే చెప్పక్కర్లేదు. పిల్లలూ, మీరు దగ్గరికెళ్ళి చూసుకోండి గానీ పెట్టెల మీద దరువెయ్యకండి నాన్నా.

నేను 30 ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి. గేదెలు, ఆవులు, మేకలు, కోళ్ళు. ఈనలేక అవస్థ పడే గేదె దగ్గర లాంతరు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న రోజులున్నాయి. కుందేలు మాత్రం మా గుమ్మం తొక్కింది బాగా తక్కువ. అందుకని నాకొచ్చిన వైద్యమంతా గేదె లెక్కలో ఉండేది. ఆ లెక్క కుందేలుకి పనికిరాదని ఓ ప్రాణం పోయాకే నాకు తెలిసింది. అక్కణ్ణుంచే మొదలెడతాను.

మా మనవరాలికి వాళ్ళ నాన్న ఓ తెల్ల కుందేలుని తెచ్చిచ్చాడు. ఎర్ర కళ్ళు, లోపల్నుంచి వెలుతురు కనపడేంత పల్చటి చెవులు. మల్లి అని పేరెట్టుకుంది. ఓ శనివారం సాయంత్రం మల్లి మేత ముట్టలేదు. ఓ మూలన ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని, పళ్ళు పటపటా కొరుకుతూ కూర్చుంది. "తాతయ్యా, మల్లి ఏం తినట్లేదు" అంది పిల్ల. నేను పొట్ట తడిమి చూశాను. అజీర్తి అనుకున్నాను. గేదెకి అజీర్తి చేస్తే ఓ పూట మేత ఆపుతాం. మనుషులకైనా లంఖణం పరమౌషధం అంటారు కదా. "రాత్రికి ఏమీ పెట్టకమ్మా, పొద్దుటికి అదే సర్దుకుంటుంది" అని చెప్పి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి మల్లి ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. కింద పళ్ళెంలో రాత్రంతా కలిపి నాలుగే పెంటికలు, అవీ మిరియం గింజలంత. మామూలుగా అయితే శనగ గింజంతవి పళ్ళెం నిండా ఉండాలి. మా పిల్ల ఏడవలేదు. "నువ్వు ఆసుపత్రిలో చేశావు కదా తాతయ్యా" అంది. అంతే అంది.

ఆ తర్వాత కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. లంఖణం అన్నమాట కుందేలు దగ్గర అనకూడదు. ఆపరేషన్ ముందు మనకీ కుక్కకీ కడుపు మాడుస్తారు, కుందేలుకి మాడ్చరు. ఎందుకో చెబుతాను, ఇది ఒక్కటి తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి.

గేదెకి వంటిల్లు ముందుంటుంది. నాలుగు గదుల పొట్ట, గడ్డంతా ముందు అక్కడ పులుస్తుంది, తీరిగ్గా నెమరేస్తుంది. కుందేలుకి వంటిల్లు పెరట్లో ఉంటుంది. తిన్నది పొట్ట దాటి, చిన్న పేగు దాటి, వెనకెక్కడో అంధనాళం అనే పెద్ద సంచిలో చేరి, అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఆ వెనక వంటింట్లో తయారైన సత్తువని కుందేలు ఎలా తీసుకోవాలి? అందుకే అది రెండు రకాలుగా వేస్తుంది. ఒకటి మనం చూసే గుండ్రటి పొడి పెంటిక. రెండోది మెత్తగా, నిగనిగలాడుతూ చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటుంది. దాన్ని కింద పడనివ్వదు, తల వంచి నేరుగా నోట్లోకి తీసుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు "ఛీ, దీనికేదో రోగం" అంటారు. రోగం కాదమ్మా, అదే దాని ఆరోగ్యం. బి విటమిన్లూ మాంసకృత్తులూ దాంట్లోనే ఉంటాయి. ఆ గుత్తులు తినకుండా కింద వదిలేస్తోందంటేనే ఆలోచించాలి. మెతుకూ మిఠాయీ ఎక్కువైనా, ఒళ్ళు బరువెక్కి వంగలేకపోయినా, నోట్లో నొప్పున్నా అలా వదిలేస్తుంది.

ఈ పేగుల బండి ఆగకూడదు. గడ్డి లోపలికి వెళ్తూ ఉంటేనే వెనకది ముందుకి కదులుతుంది. మేత ఆగిందంటే కదలిక మందగిస్తుంది, గాలి చేరుతుంది, నొప్పి పుడుతుంది, నొప్పికి ఇంకా తినదు. ఇదొక సుడి. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు, దాని పొట్ట కట్టడమే అలాంటిది. లోపలికెళ్ళిందానికి వెనక దారి ఒక్కటే. అందుకని 12 గంటలు ఏమీ తినలేదూ, ఏమీ వెయ్యలేదూ అంటే అది ప్రాణం మీదకొచ్చినట్టే. పొద్దుటిదాకా ఆగుదాం అనుకోకూడదు. నేను అనుకున్నాను.

ఇంకో సంగతి. కుందేలు నొప్పి చెప్పదు. కుక్క మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది, ఎద్దు రంకె వేస్తుంది. కుందేలుకి నొప్పి బయటపెడితే గద్ద చూస్తుంది, నక్క చూస్తుంది. వేల ఏళ్ళుగా ఒంట్లో బాగోలేకపోతే ఇంకా కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది. మన ఇంట్లో గద్ద లేదని దానికెవరు చెబుతారు? కాబట్టి దాని తరఫున మాట్లాడేవి రెండే, తిన్న గిన్నె ఒకటి, వేసిన పళ్ళెం ఒకటి. మన గుంపులో పొద్దున్నే ఒకళ్ళనొకళ్ళం అడుక్కునేది అదే కదా, "తిందా? వేసిందా?" అని. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పలకరింపు అనుకున్నారట. ఆ పలకరింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత చెబుతాను.

పెంటికలు చూడడం ఎలాగో ఇప్పుడు చెబుతాను, సిగ్గుపడక్కర్లేదు. ఓ పెంటిక తీసుకుని వేళ్ళ మధ్య నలపండి. పొడిపొడిగా రాలి, లోపల గడ్డి పోగులు బంగారు రంగులో కనపడాలి. గట్టిగా నల్లగా చిన్నవైపోతే నీళ్ళో గడ్డో చాలట్లేదు. పూసల దండలా వెంట్రుకతో ఒకదానికొకటి కట్టుకుని వస్తే బొచ్చు రాలే కాలం, రోజూ దువ్వండి, గడ్డి పెంచండి. నీళ్ళలా పారితే ఆలస్యం వద్దు, పిల్ల కుందేళ్ళకయితే ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి. ఉచ్చ ఎర్రగా కనపడితే రక్తమని హడలిపోతారు కొందరు. తిన్న ఆకుల్ని బట్టి కూడా అలా నారింజ, ఎరుపు రంగుల్లో వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పోకపోయినా, ముక్కుతూ పోస్తున్నా, సున్నపు ముద్దలా వస్తున్నా చూపించాలి.

ఇక మేత. హైదరాబాదులో ఉండేవాళ్ళు పై దేశాల నుంచి వచ్చే తిమోతి గడ్డిని పొట్లాల లెక్కన కొంటారు. తప్పులేదు, మంచి గడ్డి అది. కానీ మనకెందుకండీ? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేల మీద పచ్చికకి కొదవ లేదు. వినాయకుడికి పెట్టే గరిక, అదే కుందేలుకి పరమాన్నం. నేపియరు లేతది, గట్ల మీది పారాగడ్డి, ఇవన్నీ పనికొస్తాయి. తినేదాంట్లో నూటికి 80 వంతులు గడ్డే ఉండాలి. ఎందుకంటే పేగులకే కాదు, పళ్ళకి కూడా అదే మందు. కుందేలుకి 28 పళ్ళు. బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని పక్కకీ పక్కకీ ఆడించి నూరితేనే అరుగుతాయి. మెత్తటి తిండి తింటే దవడ పళ్ళు సూదుల్లా పెరిగి నాలుకకి గుచ్చుకుంటాయి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా, గడ్డం కింద తడిగా ఉందా, అయితే లోపలి పళ్ళు చూపించండి.

వరిగడ్డి పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు, కిందేసి పడుకోబెట్టడానికి బాగుంటుంది, కాలక్షేపానికి నములుతుంది కూడా. దాంట్లో పీచుంది గానీ పస తక్కువ. అదే భోజనం అనుకుంటే బక్కచిక్కిపోతుంది. తవుడు మాత్రం వద్దు. గేదెకి తవుడు కలిపి పెట్టే చేత్తోనే కుందేలుకీ ఓ పిడికెడు వేస్తారు ఇళ్ళల్లో, ప్రేమతోనే వేస్తారు. ఆ పిండి పదార్థం వెనక వంటింట్లోకి చేరి చెడ్డ సూక్ష్మజీవులకి విందవుతుంది. అన్నం, బిస్కెట్టు, రొట్టె అన్నీ అంతే. పెల్లెట్లు, అంటే గుళికల్లా వచ్చే మేత, పెడితే పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకి 20, 25 గ్రాములు దాటొద్దు. క్యారెట్టంటారా, అది మనం పూతరేకు తిన్నట్టు. వారానికి రెండుసార్లు ఓ వేలి మందం ముక్క. అరటిపండూ అంతే, ఓ చక్రం.

కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు రోజూ ఓ గుప్పెడు బాగుంటాయి. ములగాకు, అవిశాకు, పిల్లిపెసర ఎదిగే పిల్లలకి మంచివి, పెద్దవాటికి కొద్దిగా. క్యాబేజీ గాలి చేస్తుంది. గోంగూర మనకే ఉంచుకోండి. ఏ కొత్త ఆకైనా మొదటి రోజు ఒక్క రెమ్మే, మర్నాడు పళ్ళెం చూసి ఆ తర్వాతే ఇంకో రెమ్మ. కోసిన గడ్డి కుప్పగా ఉండి లోపల వేడెక్కిందంటే పారెయ్యండి, అది పులిసిన గడ్డి.

ప్రమాదమున్నవి కొన్ని చెబుతాను. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, వయ్యారిభామ దగ్గరికి రానివ్వొద్దు. టమాటా ఆకు, బంగాళాదుంప ఆకు, ఉల్లి కూడా వద్దు. మనవైపు ఇంకో చిక్కుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన అందమైన ఆకుల మొక్కలు వసారా నిండా ఉంటాయి. వాటిల్లో డిఫెన్‌బాకియా, మనీ ప్లాంటు నమిలితే నోరంతా మండిపోయి వాచిపోతుంది. కుందేలుని వసారాలోకి వదిలేముందు కుండీలు పైకెక్కించండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఇది దాళ్వా, అంటే రెండో పంట వరి కాలం. చేలు పొట్ట మీదున్నాయి, మందు కొడుతున్నారు. చేల గట్ల మీద గరిక పచ్చగా నవనవలాడుతుంటుంది, చెయ్యి ఊరుకోదు. కొయ్యకండి. దాని మీద ఏ మందు పడిందో కడిగితే పోదు. కొబ్బరి తోటల్లో కోసుకోండి, అక్కడా గడ్డిమందు కొట్టారేమో తోట వాళ్ళని అడిగి కోసుకోండి. కోసింది కోసినట్టే ఎండబెట్టండి, ఎందుకంటే దాళ్వా అయిపోగానే కాలువలకి నీళ్ళు కట్టేస్తారు, రెండు నెలలు గట్లన్నీ గోధుమరంగే.

ఎండబెట్టడం నేను ఎలా చేస్తానో చెప్తాను. పొద్దున్న మంచు ఆరిపోయాక, తొమ్మిదింటి తర్వాత కోస్తాను. పూత రాకముందు గరికయితే మెత్తగా ఉంటుంది. నీళ్ళలో జాడించి, దులిపి, పెరట్లో నులకమంచం మీద పల్చగా పరుస్తాను. నేల మీద కాదు, మంచం మీద, కింద నుంచి గాలి ఆడాలి. ఎండలో మొదటి పూట ఒక్కటే, తర్వాత నీడకి లాగేస్తాను, లేకపోతే రంగూ వాసనా పోతాయి. పూటకోసారి తిరగెయ్యాలి. మన గాలిలో తడెక్కువ కాబట్టి రాత్రి లోపల పెట్టేస్తాను. మూడో రోజుకి ఓ పోచ తీసుకుని వేలికి చుట్టి చూస్తే ఫెళ్ళున విరగాలి. వంగిందంటే ఇంకో రోజు. వాసన చూస్తే కొత్త ధాన్యం కొట్టులోకి అడుగు పెట్టినట్టుండాలి. ముక్కిన వాసన వచ్చినా, తెల్లటి బూజు పొడి లేచినా కుందేలుకి వద్దు, ఎరువుకుప్పలో వెయ్యండి. పత్తి సంచుల్లో కట్టి దూలానికి వేలాడదీస్తాను. ప్లాస్టిక్ గోనెల్లో కట్టకండి, చెమ్మ పట్టేస్తుంది.

ఎండాకాలం గురించి. ఇంకో నెలన్నరలో మొదలవుతుంది అసలు పరీక్ష. కుందేలుకి హాయి 15 నుంచి 22 డిగ్రీల దాకా. 30 దాటితే ప్రమాదం. మరి రోహిణి కార్తెలో మనకెంతుంటుందో చెప్పక్కర్లేదు. దానికి మనలా చెమట పట్టదు. వేడంతా చెవుల్లోంచి పోవాలి. చెమట లేనప్పుడు ఫ్యాను పెట్టినా పెద్ద ఉపయోగం లేదు, గాలి ఆడుతుందంతే. పైగా మన దగ్గర ఉక్క, కూలర్లు కూడా రాజమండ్రి దాటి దిగువకొచ్చేకొద్దీ సరిగ్గా పనిచెయ్యవు.

మా ఇంట్లో చేసేది ఇది. పెద్ద మట్టికుండ, మూతి వెడల్పుది, పక్కకి పడుకోబెడతాను. పైన తడి గుడ్డ. కుందేలు దాంట్లో దూరి పొట్ట ఆనించి పడుకుంటుంది. రెండు లీటర్ల సీసాలో నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెడతాను. కరెంటు పోయినా మూడు నాలుగు గంటలు చల్లదనం ఉంటుంది. మధ్యాహ్నం రెండుసార్లు చేతులు తడుపుకుని చెవులు నిమురుతాను. నీళ్ళు సీసాలో పెట్టినా, బరువైన మట్టి మూకుడులోనూ పెట్టండి, మూకుడులో అది ఎక్కువ తాగుతుంది. రెండు కిలోల కుందేలు మామూలుగానే రోజుకి 100 నుంచి 300 మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. నోరు తెరిచి ఆయాసపడుతోంది, ముక్కు చుట్టూ తడి, చెవులు కాలిపోతున్నాయి, కాళ్ళు బారజాపేసింది అంటే వడదెబ్బ. చెవులకీ పాదాలకీ మామూలు చల్లటి నీళ్ళు పట్టించి, తడిగుడ్డ మీద పెట్టి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఐసు నీళ్ళలో ముంచకండి, ఆ అదురుకే ప్రాణం పోతుంది. మామూలు రోజుల్లో కూడా కుందేలుకి స్నానం వద్దు. అది పిల్లిలాగా తనని తానే శుభ్రం చేసుకుంటుంది.

మందుల సంగతి చెప్పకుండా దిగను. మన గుంపులో పాలకొల్లు వైపు నుంచి వచ్చే ఓ అమ్మాయి ఉంది, చెప్పమని తనే అంది. వాళ్ళ కుందేలు తుమ్ముతోంది. ఓ మందుల షాపులో అడిగితే చిన్నపిల్లలకిచ్చే అమాక్సిసిల్లిన్ సిరప్ ఇచ్చారు, "చిన్న ప్రాణం కదా, పావు చెంచా పట్టండి" అని. పట్టింది. రెండో రోజుకి తుమ్ములు తగ్గాయి. మూడో రోజుకి విరేచనాలు. నాలుగో రోజు లేదు. ఆ మందు నోటి ద్వారా వెళ్ళి వెనక వంటింట్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది, చెడ్డవి పెట్రేగి విషం చిమ్ముతాయి. మనకి మంచి మందే, కుందేలుకి నోట్లో వెయ్యకూడదు. అలాగే కుక్కల పిడుదులకి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు. కుందేలుకి వేస్తే మూర్ఛలొచ్చి పోతుంది. ఈ రెండు పేర్లూ ఇంటికెళ్ళి గూటి తలుపు మీద రాసిపెట్టుకోండి.

గజ్జి చాలామందికి వస్తుంది, వానాకాలం మరీను. ముక్కు మీద, చెవి అంచుల మీద బూడిద రంగు పొరలు కడుతుంది. అది మనకీ అంటుకుంటుంది, చేతుల మీద దురద. చెవి లోపల గోధుమరంగు పెచ్చులు కడితే అది ఇంకో రకం పురుగు. ఆ పెచ్చులు గోళ్ళతో పీకకండి, కింద పచ్చి మాంసం ఉంటుంది. డాక్టరు బరువు చూసి ఐవర్‌మెక్టిన్ ఇస్తారు, పెచ్చులు వాటంతటవే రాలిపోతాయి. వానల్లో ఇంకో భయం ఈగలు. వెనక భాగం తడిగా, మలం అంటుకుని ఉంటే ఈగ గుడ్లు పెడుతుంది, ఒక్క రోజులో పురుగులు చర్మం తొలిచేస్తాయి. వానాకాలం రెండు పూటలా తోక ఎత్తి చూడాలి. ఇనుప చువ్వల గూళ్ళల్లో పెట్టేవాళ్ళు అడుగున చెక్క పరిచి, పైన గడ్డి వెయ్యండి. కుందేలు పాదానికి కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే. చువ్వల మీద ఆ బొచ్చు అరిగి పుండవుతుంది.

ఎత్తుకోవడం. పిల్లలూ, ఇది మీకు. చెవులు పట్టుకుని ఎత్తకూడదు, ఎప్పుడూ. ఓ చెయ్యి రొమ్ము కింద, ఓ చెయ్యి పిర్రల కింద, ఒంటికి ఆనించుకోవాలి. దాని ఎముకలు తేలిక, వెనక కాళ్ళ కండలు బలం. గాల్లో తన్నుకుందంటే తన వెన్ను తనే విరగ్గొట్టుకుంటుంది. నేల మీద కూర్చుని పక్కన చెయ్యి పెట్టండి, అదే వస్తుంది. వచ్చి గడ్డం మీ మోకాలికి రుద్దిందంటే, "ఇది నాది" అని వాసన ముద్ర వేసిందన్నమాట. ముక్కుకి ఎదురుగా ఉన్నది దానికి కనపడదు, చుట్టూ అంతా కనపడుతుంది. అందుకని ఎదురుగుండా చెయ్యి చాపకండి, పక్కనుంచి నుదురు మీదకి పోనివ్వండి.

జంట గురించి క్లుప్తంగా. ఒంటరి కుందేలు దిగులుపడుతుంది, తోడు కావాలి. కానీ "రెండూ ఆడవే" అని అమ్మినవాడి మాట మీద ఉండకండి. నాలుగు నెలలకే ఎదకొస్తాయి. చూలు 31 రోజులు. ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. రెండు కుందేళ్ళు ఏడాది తిరిగేసరికి ఎన్నవుతాయో మీలో కొంతమందికి అనుభవమే. పిల్లలు వేయించకుండా ఆపరేషన్ చేయించడం మంచిది. ఆడవాటికి మరీ, ఆపరేషన్ లేకుండా వయసొస్తే గర్భసంచిలో కేన్సరు బాగా ఎక్కువ. చేసే డాక్టరుకి కుందేళ్ళ మత్తుమందు అలవాటు ఉండాలి, అది అడగడం తప్పు కాదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, సలహా కావాలంటే అక్కడా అడగొచ్చు. ఇంకోటి, నెల పిల్లల్ని కొనకండి. అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉంటాయి, వారంలో పోతాయి. ఎనిమిది వారాలు తల్లి దగ్గరుండాలి. పొలాల్లో దొరికిన చెవులపిల్లి, అంటే అడవి కుందేలు, పిల్లల్ని అసలు తేవద్దు. అవి వేరే జాతి, పుడుతూనే బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని పుడతాయి. మన కుందేలు పిల్లలు కళ్ళు తెరవడానికి పది రోజులు పడుతుంది. చెవులపిల్లిని పట్టినా పెంచినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఇక పలకరింపు కథ. 2022 జులై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారు, గోదావరి మధ్యనున్న లంకలన్నీ నీళ్ళల్లో ఉన్నాయి. అప్పటికి మనం ఐదారు ఇళ్ళవాళ్ళం, అప్పుడప్పుడు గడ్డి ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం అంతే. ఓ లంక నుంచి తల్లీ కొడుకూ పడవలో గట్టుకొచ్చారు. చేతిలో బట్టల మూట, నెత్తిన కోళ్ళ గంప, గంప మీద తడి దుప్పటి. గంపలో రెండు కుందేళ్ళు. పునరావాస కేంద్రంలో మనుషులకే చోటు లేదు. ఎవరో మా ఇల్లు చూపించారు. ఆవిడ గంప మా అరుగు మీద దించి, "బాబాయ్ గారూ, గేదెల్ని గట్టుకి తోలేశాం, వీటిని ఎక్కడికి తోలతాం?" అంది.

పచ్చగడ్డి ఎక్కడా లేదు. ఉన్నదంతా బురద నీళ్ళలో మునిగి కుళ్ళింది. మండపేట నుంచి ఒకాయన తను వేసవిలో ఎండబెట్టుకున్న గరిక సంచులు రెండు, స్కూటరు మీద వానలో గొడుగు పట్టించుకుని తెచ్చాడు. మరొకళ్ళింట్లోంచి అరటాకులొచ్చాయి. రెండింట్లో మగది మొదటి రాత్రి ఏమీ ముట్టలేదు. మల్లి కూర్చున్నట్టే కూర్చుంది. ఈసారి నేను పడుకోలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే, పొట్ట గట్టిగా డోలులా లేదు కదా అని అడిగి, పెల్లెట్లు నానబెట్టి పల్చటి గంజిలా చేసి, సూది తీసేసిన సిరంజితో పక్క పళ్ళ సందులోంచి కొంచెం కొంచెం పట్టమన్నారు. పొట్ట ఉబ్బి గట్టిపడితే మాత్రం పట్టకూడదు, తిన్నగా ఆసుపత్రికే. పొద్దున ఆయనొచ్చి నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. మా మనవరాలు గంటగంటకీ పళ్ళెం కింద టార్చి వేసి చూసింది. మధ్యాహ్నం రెండింటికి మూడు పెంటికలు. ఆ పిల్ల వాటిని అరచేతిలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

11 రోజులు మా ఇంట్లోనే ఉన్నాయి. రోజూ పొద్దున్న ఆరింటికి ఆవిడ కేంద్రం నుంచి ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసేది. తన ఇల్లెలా ఉందో ఇంకా తెలీదు. ముందు ఆ మాటే అడిగేది, "బాబాయ్ గారూ, తిందా? వేసిందా?" అని.

అదండి. ఆ తర్వాతే మనం నెలకోసారి కలవడం, తూకాల పుస్తకం పెట్టడం. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళ కుందేళ్ళని ఇంకొకళ్ళు చూసుకోవడం, కొత్తవాళ్ళకి గోళ్ళు తియ్యడం నేర్పించడం, ఎవరి దగ్గర ఎండుగడ్డి మిగిలిందో చెప్పుకోవడం, అన్నీ దాంట్లోంచి వచ్చినవే. మనలో మనకి వాదాలున్నాయి. గోధుమగడ్డి పెంచి పెట్టాలని ఒకరు, గూడే వద్దు ఇల్లంతా వదలాలని ఒకరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మన దగ్గర మాత్రం కుందేలుని బల్ల మీద పెట్టి కాళ్ళు లెక్కపెడదాం, పళ్ళెం చూద్దాం, తూకం చూద్దాం. మీ కుందేలు తినట్లేదని అర్ధరాత్రి ఫోను చెయ్యడానికి మొహమాటపడకండి. నా నంబరు పుస్తకం అట్ట మీద ఉంది.

ఏం నాన్నా, చెయ్యెత్తావు? "కుందేలు గాల్లోకి ఎగిరి మెలి తిరుగుతుంది, పిచ్చెక్కిందా?" అంటున్నాడు. లేదు నాన్నా, అది సంతోషం. కడుపు నిండి, భయం లేనప్పుడే అలా ఎగురుతుంది. దబ్బున పక్కకి పడి పడుకున్నా సంతోషమే, చచ్చిపోయిందని ఏడవకు, పొట్ట ఆడుతోందో లేదో చూడు. వెనక కాలితో నేల మీద ఠప్పుమని కొడితే మాత్రం దేనికో భయపడింది, పిల్లో పామో ఉందేమో చూడాలి.

సరే, ఇంక మాటలు చాలు, ఎండెక్కకముందే తూకాలు కానిద్దాం. ఆ నల్లదాన్ని ముందు తీసుకురండమ్మా. అలాగే, పిర్రల కింద చెయ్యి ఉంచండి. బల్ల మీద గోనె పరిచాను, జారదు. అమ్మాయ్, పుస్తకం తియ్యి, పోయిన నెల ఎంత రాశాం? కిలో 840 కదా. ఇప్పుడు కిలో 760. ఎనభై గ్రాములు తగ్గింది. పొద్దున్న తిందామ్మా? గడ్డి వదిలేసి కొత్తిమీర ఒక్కటే తింటోందా, ఎన్నాళ్ళయింది? గడ్డం కింద కొంచెం తడిగా ఉంది, చూడండి. ఎవరైనా ఆ కిటికీ తలుపు తియ్యండి, వెలుతురు రావాలి. ముందు పళ్ళు పెదవి ఎత్తి నేను చూపిస్తాను, వెనక పళ్ళు డాక్టరు చూడాలి. పిల్లలూ, ఇటు రండి, ముక్కుకెదురుగా నిలబడకండి.